అసౌకర్యానికి చింతిస్తున్నాము

మీ అమ్మ మీకు ఈపాటికి చెప్పే ఉంటుంది, అమ్మమ్మ సమాధుల తోటలో నవ్విందని. నిజమే, నవ్వాను. నేనొక్కదాన్నే కాదు, అక్కడున్న అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా ప్రార్థన పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీసి మా బిల్డింగు గ్రూపులో పెట్టారు. అది ఎట్లా చేరిందో ఏమో, పుణెలో మీ ఇంటి దాకా చేరింది. మీ అమ్మ ఫోన్ చేసి, "గదేం పనమ్మా, మట్టి కాడ ఎవలన్న నవ్వుతరా" అని కోప్పడింది. "నవ్వొచ్చింది బిడ్డా" అన్నాను. ఆ పూట అంతటితో ఫోన్ పెట్టేశాను. ఇవాళ కాస్త స్థిమితంగా ఉంది. మీకు చెప్తాను, మీరు మీ అమ్మకు చెప్పండి.

ఆ పెట్టెలో ఉన్నది మీకు తెలిసిన మనిషే. మా పక్క వాటాలో ఉండే అమ్మమ్మ. మెడకు తెల్ల రుమాలు కట్టుకుని, మీరు వచ్చినప్పుడల్లా చేతిలో బిస్కెట్లు పెట్టి, బుగ్గ మీద వేలితో తట్టేది. "ఈ అమ్మమ్మ ఎందుకు మాట్లాడదు" అని మీలో చిన్నది అడిగితే ఆమె నవ్వి నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. గొంతుకు ఆపరేషన్ అయిందమ్మా అని నేను ఊరుకున్నాను. మీరు చూసింది గొంతు పోయిన తర్వాతి మనిషిని. గొంతు ఉన్నప్పటి మనిషి మీకు తెలియదు.

నాంపల్లి స్టేషన్లో రైళ్ళు వచ్చేదీ పోయేదీ మైకులో చెప్పింది ఆమే. కంప్యూటరు గొంతు రాకముందు మాట ఇది. గాలి ఇటు తిరిగితే మా వంటింటి కిటికీలోంచి మాటలు కూడా తెలిసేవి. ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నదని ఆమె చెప్తుంటే నేను పప్పులో తాలింపు వేసేదాన్ని. ఆ గొంతు పెద్దది కాదు. గట్టిదీ కాదు. పక్కన కూర్చుని, మీ సంచీ ఒళ్ళో పెట్టుకోండమ్మా అని చెప్తున్నట్టు ఉండేది. మూటలూ పిల్లలూ వేసుకుని కంగారుపడి పరుగెత్తే మనుషులు ఆ గొంతు వినపడగానే కాస్త నెమ్మదించేవాళ్ళు. ఇది నేను కళ్ళారా చూశాను.

మైకు ముందు ఆమె తెలుగు వేరు, వంటింట్లో ఆమె తెలుగు వేరు. మెదక్ దగ్గర పల్లెలో పుట్టింది. ఇంట్లో నాతో "ఏందే చెల్లె" అనే మనిషి, మైకు ముందు "ప్రయాణికులకు గమనిక" అనేది. ఆ రెంటికీ మధ్య ఒక చిన్న తతంగం ఉండేది. ముందు గాజులన్నీ మోచేతి దాకా పైకి తోసి, అవి జారి చప్పుడు చెయ్యకుండా రుమాలు కట్టేది. తర్వాత బుగ్గన ఉన్న పటికబెల్లం ముక్కను రెండో బుగ్గకు మార్చుకునేది. తల పక్కకు తిప్పి ఒక గుటక మింగేది. అప్పుడు మాట్లాడేది. ముందు తెలుగు, తర్వాత హిందీ, ఆఖరుకు ఇంగ్లీషు. ఆ వరస ఏనాడూ మారలేదు.

ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. ఇంజను కంటికి కనపడందే బండి వచ్చిందని చెప్పేది కాదు. ఆ పట్టింపు ఇంటి దాకా తెచ్చింది. "అక్కా, అన్నం అయిందా" అని నేను గోడ ఇవతల నుంచి అడిగితే, "ఇంక విజిల్ రాలే. అయిందని ఎట్ల జెప్త" అనేది. ఇంకొకటి, బండి లేటైతే ఎంత లేటో, ఎందుకు లేటో చెప్పేది గానీ, ఎవరి పొరపాటో ఏనాడూ చెప్పేది కాదు. "గార్డు తప్పయితది, డ్రైవర్ తప్పయితది. పేరు చెప్తే బండేమన్న జల్ది వస్తదా చెల్లె" అనేది. అన్నేళ్ళ పాటు ఎన్నో బండ్ల పేర్లు చెప్పింది కానీ తన పేరు మాత్రం మైకులో ఒక్కసారీ చెప్పుకోలేదు. చెప్పే పని కూడా లేదనుకోండి.

తర్వాత కంప్యూటరు గొంతు వచ్చింది. ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు రిటైరైంది. ఇక ఆమె మైకు తెలుగు వినపడదనుకున్నాను.

ఒక వానాకాలం, గొడుగు కొందామని ఇద్దరం ఆబిడ్స్ వెళ్ళాం. పోస్టాఫీసు దగ్గర ఆటల సామాన్ల దుకాణంలో గొడుగులు కూడా వేలాడదీసి ఉన్నాయి. ఆమె అడిగింది, "గీ నల్లది జర చూపియ్యి బాబు" అని. గల్లా దగ్గర తల వంచుకుని ఉన్న యజమాని చటుక్కున తలెత్తాడు.

"మేడం, మీరు నాంపల్లి స్టేషన్ మేడం కదా."

"ఔ. నువ్వెట్ల గుర్తువట్టినవయ్యా. నేను గొడుగడిగిన."

"చిన్నప్పుడు రోజూ బడికి ట్రెయిన్లనే వస్తుంటి మేడం. మా అమ్మ గొంతు మర్చిపోతనేమో గని మీ గొంతు మర్చిపోను."

ఆయన అప్పుడే ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. బయట మైదానంలో ఆడేది కాదు, హాల్లో చెక్క నేల మీద ఆడేది. ఫుట్‌సాల్ అంటారట, మీకు తెలిసే ఉంటుంది. జట్టుకు ఐదుగురే. బంతి చిన్నది, బరువుది, పెద్దగా ఎగరదు. జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకున్నారు, ఊరూరి జట్లతో పోటీలు. నాంపల్లిలో జరిగే మ్యాచ్‌లకు మైకులో చెప్పే మనిషి కావాలి. ఆయన గొడుగు ఊరికే ఇచ్చేసి, ఆమెను అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

"ఒక్కదాన్నే పోను. ఈమెను గూడ కూసోనియ్యాలె" అంది.

అట్లా నేను కూడా ఆ హాల్లో, స్కోరు బల్ల వెనక, ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాను.

మొదటి మ్యాచ్‌కు ముందు ఆమె ఆటగాళ్ళ గదికి వెళ్ళింది. ఒక్కొక్కరి దగ్గర నిలబడి, "మీ అమ్మ నిన్నెట్ల పిలుస్తదో గట్లనే చెప్పు బిడ్డా. నేనట్లనే పిలుస్త" అంది. గోల్‌కు కాపలా ఉండే గోలీ ఇర్ఫాన్ నాంపల్లి పిల్లవాడే, దర్గా గల్లీలో ఉంటాడు. సాయిలుది జహీరాబాద్ వైపు పల్లె. తల్లిదండ్రులు పొలం పని వదిలి పట్నం వచ్చి భవనాల పని చేస్తున్నారు. సాయిలు అసలు మాట్లాడడు. పేరు అడిగినా నేల చూస్తూ చెప్పాడు. ఐజ్వాల్ నుంచి వచ్చిన లాల్‌రెమా చేత ఆమె అతని పేరు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, ఇంటికి వచ్చాక బియ్యం ఏరుతూ కూడా ఆ పేరే అనుకుంటూ కూర్చుంది.

ఆ మొదటి మ్యాచ్‌లోనే జరిగింది. ఎదుటి జట్టు గోల్ వేసింది. ఆమె గాజులు పైకి తోసి, గుటక మింగి, ఎవరు వేశారో, స్కోరెంతో చక్కగా చెప్పింది. చెప్పి ఆగాలి. ఆగలేదు. నోటికున్న అలవాటు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది.

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత గొల్లుమంది. మా పక్కన కూర్చున్న మ్యాచ్ కమిషనర్ గారికి నవ్వు రాలేదు. విరామంలో వచ్చి, "ఎదుటివాళ్ళు గోల్ వేస్తే మనం క్షమాపణ చెప్పడం ఏంటండీ. వాళ్ళు కంప్లయింట్ చేస్తున్నారు. ఇది స్టేషన్ కాదు మేడం" అన్నారు.

"నోటికొచ్చేసింది సారూ. ఇగ జెప్ప" అంది ఆమె, బడిపిల్లలా.

మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత గోల్ పడ్డప్పుడల్లా స్కోరు చెప్పి, టక్కున మైకు ఆపేసి, బల్ల మీద పెట్టి చేతులు కట్టుకునేది. మిగతాది జనమే చెప్పేవాళ్ళు. హాలు హాలంతా ఒక్క గొంతుతో, "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని. కమిషనర్ గారు జనాన్ని ఏం చేయగలరు.

ఆ మాట చెప్పే అవకాశం జనానికి బాగా దొరికింది. మన జట్టు ఓడిపోతూనే ఉంది. చిత్తుగా ఓడింది, ఒక్క గోల్ తేడాతో ఓడింది, గెలుస్తూ గెలుస్తూ చివర్లో ఓడింది. ఒక్కోసారి గోల్స్ ఎంత వేగంగా పడేవంటే, ఆమె తెలుగు, హిందీ అయిపోయి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇంకోటి పడేది. అయినా ఇంగ్లీషు మానేది కాదు. పాత గోల్ ఇంగ్లీషులో పూర్తి చేసి, మళ్ళీ తెలుగు నుంచి కొత్త గోల్ మొదలుపెట్టేది. ఎదుటి జట్టు పిల్లలు కూడా ఆగి, ఆమె చెప్పడం అయిందా అని చూసేవాళ్ళు.

మ్యాచ్ అయ్యాక పిల్లలను వెంటేసుకుని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచేది. అక్కడ ఐస్‌క్రీం తినిపించేది. తను తినదు, గొంతు కోసం. కప్పు చేతిలో పట్టుకుని చల్లదనం చూసుకుని సాయిలుకు ఇచ్చేసేది. దుకాణం అతను మమ్మల్ని చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏం మేడం, ఇయ్యాలన్న బండి వచ్చిందా?"

"లేటు నడుస్తుంది బాబు."

"ఎంత లేటు మేడం?"

"సమాచారం ఇంక అందలే. నువ్వు సీతాఫలం ఐస్‌క్రీం వెట్టు."

ఒకసారి ఇర్ఫాన్ కప్పు ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. "లిస్టుల అందరికంటే కింద మనమే ఉన్నం మేడం. ఆఖరుకు" అన్నాడు.

"నాంపల్లి గూడ ఆఖరు స్టేషనే బిడ్డా. పట్టాలు గాడికే అయిపోతయి. మల్ల బండ్లన్ని గాడికెంచే బయల్దేరుతలేవా. తిను, కరుగుతుంది."

సగం పోటీలు అయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. హాల్లో అరిచి అరిచి అట్లా అయిందన్నారు కొందరు. కానీ ఆమె ఏనాడు అరిచిందని. పటికబెల్లం, మిరియం, పసుపు పాలు అన్నీ అయ్యాయి. తగ్గలేదు. ఇద్దరం అఫ్జల్‌గంజ్ బస్సెక్కి దవాఖానకు పోయాం. పరీక్షలు చేశారు. గొంతులో పుండు ముదిరిందని, మాట వచ్చే పెట్టె తీసేయాల్సి ఉంటుందని పెద్ద డాక్టరు చెప్పాడు. బతుకుకు భయం లేదు, మాట మాత్రం ఉండదన్నాడు. ఆమె బెదరలేదు, ఏడవలేదు. "ఎన్నడు సారూ" అని అడిగింది. ఆయన తేదీ ఇచ్చాడు. ఆ తేదీ ఆఖరి మ్యాచ్ తర్వాతి వారంలో పడింది. అది చూసి ఆమె ముఖం కాస్త తేటపడింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. అఫ్జల్‌గంజ్ దాటి కొంత దూరం వచ్చాక అడిగింది.

"చెల్లె, స్టేషన్ల నేను ఆఖరుకు చెప్పిన మాటేందో తెలుసా?"

"ఏందక్కా?"

"ఒక బండి శాన లేటు నడుస్తుండె. గది చెప్పి, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని చెప్పి, కుర్చీల నుంచి లేచిన. తెల్లారి కంప్యూటర్ వెట్టిన్రు. బతుకంత లేటని చెప్పుడే అయింది నాకు. ఈ గొంతు పోయేలోపల ఒక్కపారి, మన పోరగాండ్లు గెల్చిన్రని చెప్పాలె. గంతే. ఇంకేం కోరిక లేదు."

ఆమె చేయి పట్టుకున్నాను. డాక్టరుతో మాట్లాడే ముందు పైకి తోసిన గాజులు ఇంకా మోచేతి దగ్గరే ఉన్నాయి, రుమాలు విప్పడం మర్చిపోయింది.

ఆనాటి నుంచి ఆ ఒక్క వాక్యం సాధన చేసేది. గొంతు దాచుకోవాలి కాబట్టి నాతో మాటలు తగ్గించేసింది. గోడ అవతల, కుక్కరు విజిల్‌కూ విజిల్‌కూ మధ్య మెల్లగా వినపడేది: "ఈనాటి ఆటలో మన హైదరాబాద్ జట్టు విజయం సాధించింది." తర్వాత హిందీ, ఇంగ్లీషు. ఒకరోజు హాల్లో బల్ల వెనక అట్లా అనుకుంటుంటే ఇర్ఫాన్ వినేశాడు. వచ్చి నన్నడిగాడు. నేను చెప్పేశాను. అతను వెళ్ళి మిగతావాళ్ళకు చెప్పాడు.

ఆ పిల్లలు అప్పటి నుంచి నిజంగా ప్రాణం పెట్టి ఆడారు. ప్రాణం పెట్టి ఆడి ఓడిపోయారు. ఇర్ఫాన్ దర్గాలో చాదర్ కప్పి వచ్చాడు. నేను శనివారాలు ఒంటిపూట ఉన్నాను. ఆమె ఆదివారం ఆబిడ్స్ చర్చిలో మోకాళ్ళ మీద చాలాసేపు ఉంటే, బయటికి వచ్చాక, "ఏం మొక్కినవక్కా" అని అడిగాను.

"ఒక్క గోల్ ఎక్కువేస్తే చాలు ప్రభువా, రెండు అక్కర లేదన్న" అంది.

ఆఖరి మ్యాచ్ నాటికి హాల్లో జనం పల్చబడ్డారు. ఓడిపోయే జట్టును ఎంతకాలం చూస్తారు. స్టేషన్లో ఆమెతో పనిచేసిన పాతవాళ్ళు కొందరు, కాలేజీ పిల్లలు కొందరు, ఆ ఐస్‌క్రీం దుకాణం అతను, ఆడేవాళ్ళ తల్లిదండ్రులు, అంతే. సాయిలు అమ్మానాన్న అంతకుముందు ఏనాడూ రాలేదు, ఆ రోజు వచ్చారు. సిమెంటు మరకల చెప్పులు మెట్ల కింద విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చారు.

మొదటి సగం స్కోరు సమానంగా ఉంది. విరామం తర్వాత ఆమె మైకు తీసుకుని, గుటక మింగి, నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గాలే వచ్చింది. నా వైపు తిరిగి మైకు నా చేతిలో పెట్టింది. నా గాజులు తనే పైకి తోసి, తన రుమాలు విప్పి నా చేతికి కట్టింది. నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది, "నేను చెప్త, నువ్వు పలుకు."

నా గొంతు సంగతి మీకు తెలుసు. ఫోన్‌లో మీరు ఎప్పుడూ, గట్టిగా చెప్పు అమ్మమ్మా అనే అంటారు. "నా గొంతు ఎవలికి వినవడ్తదక్కా" అన్నాను.

"గట్టిగ జెప్పకు. దగ్గర జెప్పు. ఒక్క మనిషి చెవుల జెప్తున్న అనుకో. అందరికి అదే వినవడ్తది."

ఆట చివరికొచ్చింది. స్కోరు ఇంకా సమానమే. సమానంగా ముగిసినా మన జట్టుకు అదే గొప్ప, సీజన్ మొత్తంలో ఓడకుండా ఉన్నది అప్పుడే. కానీ పిల్లలకు సమానం అక్కర్లేదు. గెలుపు కావాలి. ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. గోల్ దగ్గర ఉండే గోలీ కూడా దాన్ని ఖాళీగా వదిలేసి, ముందుకొచ్చి మిగతావాళ్ళతో కలిసి ఆడొచ్చు. ఇర్ఫాన్ మా బల్ల వైపు ఒకసారి చూసి, గోల్ వదిలి ముందుకొచ్చాడు.

బంతి సాయిలు దగ్గరికి వచ్చింది. ఎదుటివాళ్ళు ఇద్దరు మీదికి దూకారు. సాయిలు సీజన్ మొత్తం ఏం చేశాడో అదే చేశాడు. వెనక్కి తిరిగి చూడకుండా, బంతిని మెల్లగా గోలీకి పంపాడు. గోలీ అక్కడ లేడు. సాయిలు పక్కనే ఉన్నాడు.

బంతి వేగంగా పోయినా బాగుండేది. అది తొందరేం లేనట్టు దొర్లుకుంటూ పోయింది. ఇర్ఫాన్ దాని వెనక పరుగెత్తి, జారి, పొట్ట మీద పడి చేయి చాచాడు. అందలేదు. మన గోల్‌లోకి మన బంతే పోయింది.

సాయిలు చొక్కా ముఖం మీదికి లాక్కుని నేల మీద కూర్చుండిపోయాడు. జనం ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు. మెట్ల మీద సాయిలు వాళ్ళ నాన్న, ఏం జరిగిందో పూర్తిగా తెలియక, అటూ ఇటూ చూస్తున్నాడు.

కమిషనర్ గారు రాసుకుంటూ, "ఓన్ గోల్ అండీ. ఆటగాడి పేరు, నంబరు చెప్పాలి" అన్నారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "పేరు చెప్పాలి మేడం, పద్ధతి" అన్నారాయన. ఆమె మళ్ళీ అడ్డంగా ఊపి, నా చెవిలో చెప్పింది. అది నేను పలికాను. దగ్గరగా పలికాను.

"ప్రేక్షకులకు గమనిక. ఎదుటి జట్టుకు ఇంకొక గోల్ చేరింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మొదట వెనక వరసలో ఐస్‌క్రీం దుకాణం అతను ఫక్కుమన్నాడు. ఆ వెంటనే స్టేషన్ పాతవాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ ఆ మాట ఎత్తుకున్నారు. ఎదుటి జట్టు పిల్లలు కూడా అన్నారు. సాయిలు ముఖం మీది చొక్కా కిందికి జరిగింది. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. ఇర్ఫాన్ అతన్ని కాలరు పట్టి లేపాడు. కమిషనర్ గారు నా వైపు చూసి, ఆమె వైపు చూసి, పెన్ను మూత పెట్టేశారు. మిగిలిన కాసేపూ ఆడారు. ఓడిపోయారు.

సాయిలు అమ్మానాన్న తప్ప జనమంతా వెళ్ళిపోయాక పిల్లలు మా బల్ల ముందు చెక్క నేల మీద వచ్చి కూర్చున్నారు. ఇర్ఫాన్ మోకాలు గీరుకుపోయి ఉంది.

"మేడం, ఒక్కసారి చెప్పుండ్రి. మనం గెల్చినమని. ఇప్పుడు ఈడ ఎవ్వరు లేరు గదా. మేం వింటం, చాలు."

ఆమె అతని మోకాలి వైపు చూసింది. తర్వాత నా చెవిలో చెప్పింది. నేను వాళ్ళకు చెప్పాను. "రాని బండి వచ్చిందని నేనెన్నడు చెప్పలే బిడ్డా, అంటుంది."

పిల్లలు తలలు దించుకున్నారు. అప్పుడామె నా చేతిలోంచి మైకు తీసుకుంది. గాజులు పైకి తోసుకుంది. పక్కకు తిరిగి గుటక మింగింది. మైకును పెదవులకు ఆనించి, ఉన్న గాలితోనే, గుసగుసగా మొదలుపెట్టింది. ఖాళీ హాల్లో ఆ గుసగుస ప్రతి మూలకూ వెళ్ళింది.

"ప్రయాణికులకు గమనిక. నాంపల్లి నుంచి వచ్చిన ఇర్ఫాన్, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు."

ఇర్ఫాన్ ఎందుకో లేచి నిలబడ్డాడు.

"ఐజ్వాల్ నుంచి వచ్చిన లాల్‌రెమా, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు."

అతనూ లేచాడు. అట్లా ఒక్కొక్కరినీ, వాళ్ళ అమ్మ పిలిచే పేరుతో, వచ్చిన ఊరితో సహా పిలిచింది. నాంపల్లిలో ఒకటో నంబరంటే గేటు దాటగానే ఎదురుగా ఉండే ప్లాట్‌ఫారం. మూటలు మోసుకుని మెట్లెక్కే పని లేదు. ఆమె అందరినీ అక్కడే దించింది. ఆఖరుకు, "జహీరాబాద్ నుంచి వచ్చిన సాయిలు" అంది. మెట్ల మీద వాళ్ళ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిలు లేచి నిలబడ్డాడు. నేల చూడలేదు.

హిందీ, ఇంగ్లీషు ఆ రోజు లేవు. గాలి అయిపోయింది.

తర్వాతి వారం ఆపరేషన్. ఆపైన జట్టు మూతపడింది. ఆమె మాట లేకుండా ఇన్నేళ్ళు బతికింది. నేను బయటికెళ్ళి ఆలస్యమైతే ఫోన్ చేసేది. నేను మాట్లాడేదాన్ని, ఆమె గోరుతో ఫోన్ మీద తట్టేది. ఒకసారి తడితే ఔ, రెండుసార్లు తడితే కాదు. ఆ తట్టడంలో కూడా కోపమో సంతోషమో నాకు తెలిసిపోయేది. స్టేషన్ వైపు నుంచి కంప్యూటరు గొంతు వినపడితే మూతి తిప్పేది. పోయిన మంగళవారం పొద్దున గోడ మీద తడితే జవాబు రాలేదు.

మట్టికి ఆ పిల్లలే వచ్చి మోశారు. ఇప్పుడు పిల్లలు కాదులెండి. ఇర్ఫాన్‌కు నడుము చుట్టూ కొవ్వొచ్చింది. సాయిలు లక్డీకాపూల్ దగ్గర ఒక బడిలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. పాస్టరు గారు ప్రార్థన చదువుతుంటే, తాళ్ళు పట్టుకుని పెట్టెను దించుతున్నారు. సాయిలు చేతిలో తాడు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగి, అంచుకు తట్టుకుని ఆగిపోయింది. పాస్టరు గారు చదవడం ఆపారు. సాయిలు తాడు చేతికి చుట్టుకుని, చెమటలు కక్కుతూ, తల వంచుకునే, మెల్లగా అన్నాడు.

"అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అదీ సంగతి. మీరు వీడియోలో చూసిన నవ్వు అక్కడిది.

నవ్వులు అయ్యాక పెట్టె సరిగ్గా సర్దుకుని దిగింది. గుప్పెడు మట్టి తీసుకుని నేను ముందుకెళ్ళాను. ఇర్ఫాన్ నా పక్కకొచ్చి, "అమ్మా, మేడంది మీరు చెప్పుండ్రి" అన్నాడు. నేను వంగాను. మెదక్ నుంచి వచ్చిందని చెప్పాను. వాళ్ళ అమ్మ ఆమెను పిలిచిన పేరుతో చెప్పాను. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం అని చెప్పాను.

అది వీడియోలో మీకు వినపడదు. నేను దగ్గరగా చెప్పాను.